టర్కీ పెట్ట పొదుగుకి కూర్చోవడం లేదు, ఏం చేయాలి?

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. ఒక పుంజు, రెండు పెట్టలు ఉన్నాయి. పెద్ద పెట్టకి దాదాపు ఏడాది. ఫిబ్రవరి మూడో వారం నుంచి దాదాపు రోజు విడిచి రోజు గుడ్డు పెడుతోంది. పెట్టాక గంట, గంటన్నర గూట్లోనే ఉంటుంది, చెయ్యి పెడితే బుస కొడుతుంది కూడా. ఇంక కూర్చుంటుందిలే అనుకునేసరికి లేచి మేతకి పోతుంది. రాత్రి మాత్రం పైకెక్కి దూలం మీదే పడుకుంటుంది.

మొదట పెరట్లో కట్టెల మోపు కింద పెట్టేది. ముంగిస రెండు గుడ్లు తినేసిందని గూడుని పశువుల పాక మూలకి మార్చాను. వెదురు గంపలో ఎండుగడ్డి వేసి, ముందు గోనెపట్టా కట్టి, 8 గుడ్లు అలాగే వదిలేశాను. ఒక రాత్రి బలవంతంగా గంప మూసి ఉంచితే తొక్కి రెండు పగలగొట్టింది, మళ్లీ ఆ పని చేయలేదు.

నాటుకోడి కింద దాని గుడ్లతో పాటు 5 టర్కీ గుడ్లు ఒకేరోజు పెట్టడం నా తెలివితక్కువ పనే. 21వ రోజుకి దాని పిల్లలు దిగగానే వాటిని తీసుకుని వెళ్లిపోయింది. టర్కీవి 28 రోజులు కదా. టార్చి పెట్టి చూస్తే లోపల పిల్ల కదులుతోంది, మర్నాటికి చల్లబడిపోయాయి.

ఈ పెట్ట కూర్చోవాలంటే గూడుని తిరిగి కట్టెల మోపు కిందకే మార్చి చుట్టూ వల కట్టాలా, లేక పాకలోనే ఉంచి ఇంకొన్నాళ్లు చూడాలా?