సూర్యుడి మచ్చల దగ్గర అలలు మన టెలిస్కోప్‌లో కనబడతాయా?

పర్లాకిమిడి మాస్టారు:
మాది పర్లాకిమిడి, బడిలో సైన్స్ చెప్తాను. 70 మి.మీ. టెలిస్కోప్ ఒకటుంది, ముందువైపు సోలార్ ఫిల్టర్ బిగించి పిల్లలకి సూర్యుడి మచ్చలు చూపిస్తుంటాను. మొన్న తొమ్మిదో తరగతి పిల్లాడొకడు "మచ్చ చుట్టూ అయస్కాంత అలలు పరిగెడతాయట కదా మాస్టారూ, ఏవీ?" అన్నాడు. అరగంట చూశాం. మచ్చ మచ్చలాగే ఉంది, ఎండకి నా మెడ మాత్రం కాలింది. లోపం టెలిస్కోప్‌దా, నాదా? పైగా అయస్కాంత అలంటే రేడియో తరంగం లాంటిదేనా అని వాడింకోటి అడిగాడు, రేపు చెప్తానని తప్పించుకున్నాను. ఆ రేపు సోమవారం.

రాయగడ రాత్రిపిట్ట:
లోపం ఇద్దరిదీ కాదు మాస్టారూ. మీ ఫిల్టర్‌లో కనబడేది ఫోటోస్ఫియర్, అంటే మామూలుగా మనం చూసే సూర్యుడి ఉపరితలం. అలలు బాగా తెలిసేది దాని పైపొర క్రోమోస్ఫియర్‌లో, ఆ పొర మామూలు వెలుతురులో కనబడకుండా పోతుంది. హైడ్రోజన్ ఇచ్చే 656.3 నానోమీటర్ల ఎరుపొక్కటే వడకట్టే హెచ్-ఆల్ఫా ఫిల్టర్ ఉండాలి, దాని ధరకి మా ఊళ్లో సెకండ్‌హ్యాండ్ బండొస్తుంది. మచ్చ నడిమి నల్లటి భాగం పైన సుమారు 3 నిమిషాలకోసారి మెరుపులొస్తాయని 1969లో, అంచువైపు అలలు పాకుతాయని 1972లో గమనించారు. రేడియో తరంగం శూన్యంలోనూ పోతుంది, వీటికి వాయువు కావాలి. అక్కడి వేడి వాయువు అయస్కాంత రేఖల్ని వదలదు, రేఖ ఊగితే అదీ ఊగుతుంది. బిగుతుగా ఉన్న చేదతాడుని పక్కకి కొడితే అల పైకి పాకుతుంది చూడండి, అదే. ఇలాంటి అలలుంటాయని స్వీడన్ శాస్త్రవేత్త ఆల్వేన్ 1942లో లెక్కగట్టి చెప్పాడు, 1970లో నోబెల్ వచ్చింది.

సిరొంచ గోదారి:
తాడు పోలిక బాగుంది అన్నా, కానీ ఆ 3 నిమిషాలవి చాలావరకు తాడు అలలు కావు. అవి శబ్ద తరంగాల జాతి. మచ్చలో అయస్కాంత క్షేత్రం 2000-3000 గాస్ (దాని బలాన్ని కొలిచే యూనిట్) దాకా ఉంటుంది (భూమిది అర గాస్ చుట్టుపక్కల), నడిమిలో రేఖలు గొట్టాల్లా నిలువుగా నిలబడతాయి, వాయువు ఒత్తుకుంటూ సడలుతూ ఉంటే అల ఆ గొట్టాల్లోనే పైకెక్కుతుంది. అంటే అయస్కాంతం దారి చూపిస్తుంది, నడిచేది శబ్దం. కింద 5 నిమిషాల ఊపే బలమైనది, కానీ పైనున్న చల్లటి పొర నిదానపు ఊపుల్ని ఆపేస్తుంది, త్వరగా ఊగేవే దాటతాయి. అందుకే పైన 3 నిమిషాలు.

హెచ్-ఆల్ఫా కొనకండి. నాసా వాళ్ల సూర్యుణ్ణి చూసే ఉపగ్రహం ఎస్‌డీఓ 12 సెకన్లకోసారి బొమ్మ తీస్తుంది, అన్నీ ఉచితం. ఆ బొమ్మలు చూపించే హీలియోవ్యూయర్ వెబ్‌సైట్‌లో పెద్ద మచ్చ చూసుకుని, 171 ఆంగ్‌స్ట్రామ్‌లో (కంటికి కనబడని అతినీలలోహిత వెలుతురు) ఒక్క గంట వీడియో చేయండి. రెండు రోజుల్ని అరనిమిషంలో తిప్పేసే వీడియోల్లో ఇది దొరకదు. ఒక్కో బొమ్మలోంచి దాని ముందు బొమ్మని తీసేస్తే కదిలేదే మిగులుతుంది.

బరంపురం బాబాయ్:
ఒక ముక్క. ఫిల్టర్ ముందువైపే ఉండాలి, మాస్టారు సరిగ్గానే పెట్టారు. నాకు టెలిస్కోప్‌తో వచ్చింది ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే రకం, రెండో రోజే వేడికి ఠప్పున పగిలింది, కన్ను అప్పుడే తీశాను కాబట్టి సరిపోయింది. ఇంకోటి, కొడైకెనాల్‌లో ఎవర్‌షెడ్ అనే శాస్త్రవేత్త 1909లో కనిపెట్టింది మచ్చ అంచున బయటికి పారే వాయు ప్రవాహం. అది పారుదల, అల కాదు. పిల్లలకి చెప్పేటప్పుడు రెండూ కలపకండి, నేను ఓసారి కలిపేసి నాలిక్కరుచుకున్నాను.

పర్లాకిమిడి మాస్టారు:
చేశాను! మచ్చ నుంచి విసనకర్రలా విచ్చుకున్న తీగల మీద సన్నటి చారలు బయటికి జారుతూనే ఉన్నాయి. పిల్లాడు పది నిమిషాలు చూసి "శబ్దమైతే వినబడదేం?" అన్నాడు. ఇప్పుడేం చెప్పను?

సిరొంచ గోదారి:
సూర్యుడికీ మనకీ మధ్యలో గాలి లేదని చెప్పండి. ఉన్నా వినబడదు, 3 నిమిషాలకి ఒక్క ఊపు అది, మన చెవికి సెకనుకి కనీసం 20 కావాలి.