సమస్యాపూరణం: "మేలు చేసిన వానినే మెచ్చ రెవరు"

పాచికల పంతులు (నిర్వహణ):
మిత్రులారా, ఈసారి తేటగీతి. శీర్షికలో ఉన్నది నాలుగో పాదం, పై మూడూ మీవి. విషయం డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ ఆడే సాహస కథల ఆట. ఎవరూ ఆడడానికి ముందుకు రాని క్లాసు (పాత్ర చేసే వృత్తి) గానీ, పక్కవాళ్లు ఎంచుకుంటే పార్టీ (కలిసి సాహసానికి వెళ్లే జట్టు) అంతా మొహం ముడుచుకునే క్లాసు గానీ తీసుకోండి. ఉత్త తిట్టు పద్యాలు వద్దు. ఆ చిరాకు ఏ నియమం వల్ల పుట్టిందో పద్యంలో కనబడాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు: ఫైటింగ్ మ్యాన్ (యోధుడు), మ్యాజిక్ యూజర్ (మాంత్రికుడు), క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి). తర్వాత క్లాసులు పెరిగాయి, వాటితో పాటు అలకలూ పెరిగాయి.

గుడిగంట:
క్లెరిక్ మీద నా పూరణ.

కత్తి దెబ్బకుఁ గూలిన కడకు నురికి
మంత్రమును జెప్పి ప్రాణమ్ము మరల నింపి
తాను కొట్టెడి వంతును ధారపోసె
మేలు చేసిన వానినే మెచ్చ రెవరు

పాచికల పంతులు:
మూడో పాదం ప్రాణం పోసిందండీ. క్లెరిక్ అంటే విముఖత ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. అందరూ తమ వంతు రాగానే దెబ్బ కొడతారు, క్లెరిక్ మాత్రం ఆ వంతును ఇంకొకరి గాయం మీద ఖర్చు పెట్టాలి. ఒక చిన్న లోపం: కూలింది మిత్రుడో శత్రువో మొదటి పాదం చెప్పడం లేదు. "సఖుఁడు దెబ్బకుఁ గూలఁగ సరగ నురికి" అంటే అన్వయం కుదురుతుంది, యతీ చెడదు.

చీకటి సందు:
గుడిగంట గారూ, పద్యం బాగుంది కానీ ఇది పాత నియమాల క్లెరిక్కే కదా? 2014 నియమాల్లో హీలింగ్ వర్డ్ అనే గాయాలు మాన్పే మంత్రం బోనస్ యాక్షన్‌తో (వంతులో అసలు పనికి తోడుగా చేసే చిన్న పనితో) అయిపోతుంది. దూరం నుంచే మిత్రుణ్ణి లేపి, అదే వంతులో గద కూడా ఎత్తవచ్చు.

గుడిగంట:
నిజమే. కానీ ఆ మంత్రం ఉందని తెలిసిన బల్ల దగ్గర కూడా "క్లెరిక్ ఎవరు?" అని అడిగితే అందరూ తమ పాత్ర వివరాలు రాసుకున్న షీటు వంక చూసుకుంటారు. 1974లో మొదటి లెవల్ (అనుభవపు మెట్టు) క్లెరిక్‌కు ఒక్క మంత్రమైనా లేదు, పదునైన ఆయుధం పట్టే వీలూ లేదు. అప్పటి పేరు ఇప్పటికీ పోలేదు. పంతులుగారి సవరణ స్వీకరించాను.

చీకటి సందు:
నాది థీఫ్.

ముందు తానేఁగి యురులను ముట్టి విప్పి
తలుపు తాళమ్ము చప్పుడు దాచి తెఱచి
దారి చూపఁగ దొంగయన్ దలఁపె మిగిలె
మేలు చేసిన వానినే మెచ్చ రెవరు

పాచికల పంతులు:
నడక చాలా బాగుంది. రెండో పాదంలో చప్పుడును దాచడం మంచి ఊహ. అయితే ఈ పద్యంలో థీఫ్ ఏ పాపం ఎరుగడు, లోకమే తప్పుగా తలచింది. నిజం అంత తేలిక కాదు. 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చిన ఈ క్లాసుకు 1978 నియమాల పట్టిక ఎలా ఉందో చూడండి. మొదటి లెవల్లో ఉచ్చు కనిపెట్టి తీసేయడానికి నూటికి 20, తాళం తీయడానికి 25, జేబు కొట్టడానికి 30. పార్టీకి పనికొచ్చే పని ఎక్కువసార్లు బెడిసికొడుతుంది, ఉచ్చు తగిలి చచ్చేదీ తనే. ఈ మూడింటిలో జేబు కొట్టడంలోనే కాస్త ఆశ. గుహలో కొట్టదగిన జేబులు ఎవరివి? పక్కన నడుస్తున్న ఫైటర్‌వి. తోటివాడి సంచిలో చెయ్యి పెట్టడం ఆటగాడి కుబుద్ధే అని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ కుబుద్ధికి దారి వేసింది పట్టికే. ఈ సంగతి పద్యంలోకి వస్తే మీ వాదానికి బలం వచ్చేది.

చీకటి సందు:
పట్టిక మాట ఒప్పుకుంటాను. "మా క్యారెక్టర్ అలాంటివాడే మరి" అని సాటి ఆటగాడి బంగారం తీసుకోవడాన్ని మాత్రం ఏ పట్టికా సమర్థించదు. దాన్ని డీఎం (ఆట నడిపేవారు) మొదటి రోజే ఆపాలి.

సత్యవ్రతి:
ధర్మానికి కట్టుబడ్డ యోధుడు పాలడిన్ మీద ప్రయత్నం. దయచేసి తప్పులు చెప్పండి.

ధర్మవీరుఁడు చెఱబడ్డ దానవునకు
శరణ మిచ్చెను తోటివా రలుక బూన
మాట తప్పని ధీరుపై మండిపడిరి
మేలు చేసిన వానినే మెచ్చ రెవరు

పాచికల పంతులు:
అమ్మా, భావం గొప్పది. రెండో పాదంలో యతి తప్పింది. "తోటివారు + అలుక" దగ్గర అకారం ఉంది, మొదట శకారం ఉంది, రెండింటికీ మైత్రి లేదు. "శరణ మిచ్చెను జతగాండ్రు సణుగుచుండ" అనండి, శ-స మైత్రితో సరిపోతుంది.

ఇంకో సందేహం భావం మీద. మేలు పొందింది దానవుడు, మండిపడింది పార్టీ. మేలు పొందనివాళ్లు మెచ్చకపోవడంలో సమస్య ఏముంది? వాళ్లకు జరిగిన మేలు ఏదో చెప్పాలి.

నాలుగో కుర్చీ:
పంతులుగారితో కొంచెం విభేదిస్తాను. పాలడిన్ చిక్కు సరిగ్గా అదే. చాలా ఏళ్ల పాటు ఆ క్లాసు తప్పనిసరిగా లాఫుల్ గుడ్, అంటే కట్టుబాటూ మంచితనమూ తప్పని స్వభావం. తెలిసి ఒక చెడ్డ పని చేస్తే శక్తులు పోతాయి. అక్కడితో ఆగలేదు, చెడ్డవాళ్లతో కలిసి తిరగకూడదని కూడా నియమం. అంటే ఒకరు రాసుకున్న షీటు మిగతా నలుగురి నడతకు కాపలా అయింది. బందీని ఏం చేయాలన్న ప్రతి చర్చలోనూ పాలడిన్ ఆటగాడు "నా శక్తులు పోతాయి" అంటే ఇక మాట్లాడేది ఏముంటుంది? కోపం ధర్మం మీద కాదు, ఎంచుకునే హక్కు పోయినందుకు. ఆ నియమాన్ని ఆటగాళ్లు పాలడిన్ స్వభావమనుకున్నారు. 2014లో లాఫుల్ గుడ్ నిర్బంధం పోయి, ఎవరి ప్రతిజ్ఞ వారు ఎంచుకునే పద్ధతి వచ్చాక పాలడిన్‌తో బల్ల దగ్గర హాయిగా కూర్చోగలుగుతున్నాం. నాకిప్పుడు అన్నిటికన్నా ఇష్టమైన క్లాసు అదే.

సత్యవ్రతి:
సవరణకు నమస్సులు పంతులుగారూ. నాలుగో కుర్చీ గారు చెప్పినదే నా మనసులో ఉన్నది, మూడు పాదాల్లో ఇమడ్చలేకపోయాను.

పాచికల పంతులు:
అయితే సీసంలో రాయండి, చోటు దొరుకుతుంది. నా ఆక్షేపణ వెనక్కి తీసుకుంటున్నాను.

తంబురా:
బార్డ్ లేకుండా ఎలా?

పాట పాడుచుఁ బాచిక పంచి యిచ్చి
గెలుపు దెచ్చిన గాయకు గేలి జేసి
కత్తి పట్టిన చేతికే ఘనత నిడిరి
మేలు చేసిన వానినే మెచ్చ రెవరు

పాచికల పంతులు:
నిర్దోషం. "పాచిక పంచి" అన్నది ఆట తెలిసినవాళ్లకు వెంటనే అందుతుంది: బార్డ్ ఇచ్చిన ఆరు ముఖాల పాచిక మరొకరి వేటులో కలిసిపోతుంది, గెలిచాక అది ఎవరిదో గుర్తుండదు. 1978లోనైతే ముందు ఫైటర్‌గా, తర్వాత థీఫ్‌గా లెవల్స్ గడిస్తే తప్ప బార్డ్ కాలేరు, పుస్తకంలో చోటు కూడా అనుబంధంలోనే.

నాలుగో కుర్చీ:
పద్యం కుదరలేదు గానీ అడవుల్లో తిరిగే యోధుడు రేంజర్‌ను మరవకండి. 2014లో బీస్ట్ మాస్టర్ (జంతువును తోడు తెచ్చుకునే రేంజర్) పెంపుడు తోడేలు కరవాలంటే రేంజర్ తన యాక్షన్ (ఆ వంతులో చేసే అసలు పని) ఇచ్చుకోవాలి. గుడిగంట గారి మూడో పాదం అక్కడా సరిపోతుంది.

ఇరవై ముఖాలు:
ఆలస్యంగా వచ్చాను. మ్యాజిక్ యూజర్ మీద నా పూరణ, పాదాన్ని ప్రశ్నగా చదవండి.

ఒక్క మంత్రమే రోజున కున్న గాని
నిద్ర పుచ్చెను గుంపును నిమిషమందు
బక్కవాఁ డన్న నోళ్ళకే పలు కుడిగెను
మేలు చేసిన వానినే మెచ్చ రెవరు?

పాచికల పంతులు:
శభాష్! ఒక్క ప్రశ్నార్థకంతో సమస్య అర్థాన్ని తిప్పేశారు. "రోజునకు + ఉన్న" దగ్గర ఒ-ఉ స్వరయతి చక్కగా కుదిరింది. నాలుగు ముఖాల పాచికతో ప్రాణాలు లెక్కించుకునే మొదటి లెవల్ మాంత్రికుణ్ణి మోయడం పార్టీకి భారమే, నిద్రపుచ్చే స్లీప్ మంత్రం పడే దాకా. ఆ తర్వాత రోజంతా అతను కర్ర పట్టుకుని వెనక నడవాల్సిందేనన్న బాధ కూడా ఒక పాదంలో వస్తే ఇంకా నిండుగా ఉండేది. సత్యవ్రతి గారి సీసం వచ్చేవరకు ఈ సమస్యను తెరిచే ఉంచుతున్నాను. మాంక్, డ్రూయిడ్‌లను ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.