రాఘవా, రాఘవమా? తిమింగిలగిలాన్ని మింగేదాని పేరు

కడలికథ:
ఒక శ్లోకపాదం కొన్నాళ్ళుగా వదలడం లేదు. "తిమింగిలగిలోఽప్యస్తి..." అని ఉంటుంది, "రాఘవ" అని ముగుస్తుంది. మిగతాది నోటికి రావడం లేదు. అవసరం ఏమిటంటే, నేను రాస్తున్న అద్భుత నవలలో సముద్ర భూతాలు ఒకదాన్నొకటి మింగుతూ పోతాయి. మొదటిది తిమి, దాన్ని మింగేది తిమింగిలం. మూడోదానికి "తిమింగిలంగిలం" అని రాసుకున్నాను. నాలుగోదాని పేరు ఆ శ్లోకంలోనే ఉందని అనుమానం. ఎవరికైనా పూర్తిగా వచ్చా?

పాతనిఘంటువు:
అస్తి మత్స్యస్తిమిర్నామ శతయోజనమాయతః
తిమింగిలగిలోఽప్యస్తి తద్గిలోఽప్యస్తి రాఘవః

నూరు యోజనాల పొడవున తిమి అనే చేప ఉంది, తిమింగిలగిలం కూడా ఉంది, దాన్ని మింగే రాఘవం కూడా ఉంది అని. చివర విసర్గ ఉంది, చూసుకోండి. మీ నాలుగో భూతం పేరు రాఘవం. రఘువంశీకుడు అన్న అర్థంతో పాటు రాఘవ శబ్దానికి ఒక మహామత్స్యం అన్న అర్థాన్ని కూడా సంస్కృత నిఘంటువులు ఇస్తాయి. ప్రశ్న తీరిపోయింది.

గణయతి:
అప్పుడే తీర్చేయకండి. నేను విన్నది "శతయోజనవిస్తరః" అని, చివర "రాఘవ" అని సంబోధన. రాముడికి ఎవరో చెబుతున్నారు: "దాన్ని మింగేది కూడా ఉందయ్యా, రాఘవా" అని. అంటే నాలుగోదానికి పేరే లేదు. శ్లోకంలోని చమత్కారమంతా అక్కడే ఉంది. పేర్లు అయిపోయాయి, చేపలు అయిపోలేదు.

పాతనిఘంటువు:
"తిమిర్నామ" అని పేరు చెప్పి మొదలుపెట్టినవాడు చివర పేరు చెప్పకుండా వదిలేస్తాడా? "తద్గిలః" అని ఊరించి "రాఘవః" అని పేరు పెట్టాడు. అన్వయం అలా కుదిరితేనే అందం.

గణయతి:
అన్వయం రెండు విధాలా కుదురుతుంది. ఛందస్సును అడుగుదామంటే అదీ సాక్ష్యం చెప్పదు. అనుష్టుప్పులో అయిదోది లఘువు, ఆరోది గురువు, నాలుగో పాదం కాబట్టి ఏడోది లఘువు: స్తి, రా, ఘ. అక్కడికి సరి. ఎనిమిదో అక్షరం ఏదైనా ఒకటే, విసర్గ ఉన్నా లేకపోయినా పాదం నడుస్తుంది. ఇక నిఘంటువు సంగతి. రాఘవ అంటే చేప అన్న అర్థం ఆ నిఘంటువుల్లోకి ఎక్కడి నుంచి వచ్చిందంటారు? ఈ శ్లోకంలో నుంచే వచ్చి ఉంటే, దాన్నే తెచ్చి ఈ శ్లోకానికి సాక్ష్యంగా నిలబెట్టడం ఏం న్యాయం?

పాతనిఘంటువు:
అనుమానానికి ఆధారం చూపండి, మాట్లాడదాం.

సూత్రధారి:
మీ ఇద్దరి విసర్గ గొడవలో ఆవిడ రాసిన "తిమింగిలంగిలం" ఎవరి కంటా పడలేదు. అది కుదరదండీ. "గిలేఽగిలస్య" అని వార్తికం, అంటే పాణిని సూత్రానికి చేర్చిన నియమం. గిల శబ్దం పరమైతే ముందు పదానికి మకారం ఆగమంగా, అంటే అదనంగా, వస్తుంది, కాని ఆ ముందున్నది గిల కాకూడదు. అందుకే తిమి మీద తిమింగిలం అయింది. తిమింగిలం మీద మళ్ళీ గిల చేరితే సున్న రాదు, తిమింగిలగిలం అనే అనాలి. ఇంకో సంగతి. శ్లోకంలో తిమి తరువాత ఏకంగా తిమింగిలగిలానికి దూకారు. మధ్య మెట్టు తిమింగిలాన్ని కవి వినేవాడికే వదిలేశాడు.

అచ్చతెనుగు:
ఇంత వ్యాకరణం దేనికి? తిమింగలంలో మన "మింగు" కనిపిస్తూనే ఉంది కదా. మింగేది కాబట్టి తిమింగలం. సంస్కృతం వాళ్ళు మన దగ్గర తీసుకున్నారని నా అభిప్రాయం.

సూత్రధారి:
ఆ "మిం"లో "మి" తిమిది, సున్న ఆగమానిది. మింగడం గిలలో ఉంది. మీరు చూస్తున్న "మింగు" రెండు వేర్వేరు ముక్కలు అతికిన చోట కనబడుతున్న నీడ మాత్రమే. "తి" ఏమిటో కూడా చెప్పండి మరి.

అచ్చతెనుగు:
"తి" సంగతి తీరిగ్గా చెబుతాను. ఈలోగా రచయిత్రి గారికి ఒక మాట. సముద్రానికి మున్నీరు అనే చక్కని మాట పెట్టుకుని ఈ తిములు ఎందుకు? పాత తెలుగులో గాము అంటే గ్రహం, పిశాచం. "మున్నీటిగాము" అనండి, చదివినవాడు వెన్ను నిమురుకుంటాడు.

కడలికథ:
మున్నీటిగాము బాగుంది, ఇంకో భూతానికి దాచుకుంటాను. తిమింగిలగిలంతో నాకొక చిక్కు ఉంది. తెలుగు చెవికి "గిలగిల" అంటే కొట్టుకుంటున్నదే గుర్తుకొస్తుంది. అందర్నీ మింగే భూతం పేరు, మింగుడుపడుతున్నదాని పేరులా వినిపిస్తోంది.

బమ్మెరదాసు:
ఇదీ అసలు ప్రశ్న! భూతానికి అర్థం కంటే ముందు ధ్వని కావాలి. పోతన గారి గజేంద్రమోక్షం దగ్గరికి వెళ్ళండి. "భుగభుగాయిత భూరి బుద్బుద చ్ఛటలతోఁ గదలుచు" అని సీసం ఎత్తుకుంటారు. ముందు బుడగలు, తరువాత అలలు, ఫూత్కారం, తోక విసురుకు పుట్టిన గాలి, సుడులు, ఒడ్డున చెట్లు వేళ్ళతో సహా కూలడం. సీసం నాలుగు పాదాలూ అల్లకల్లోలమే, దాన్ని పుట్టించిన జంతువు పేరు లేదు. ఎత్తుగీతిలో ఆఖరి పాదానికి వస్తేగాని "ఒక్క మకరేంద్రుఁ డిభరాజు నొడిసి పట్టె" అని పేరు చెప్పరు. భూతాన్ని ప్రవేశపెట్టడం అంటే అది.

గణయతి:
ఎవరూ కాదనరు, కాని అది మడుగు. ఇక్కడ అడిగింది సముద్రం.

బమ్మెరదాసు:
పోతన మడుగు మీ సముద్రం కంటే లోతు. "కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు" కందం చూడండి. అదే మొసలి, అక్కడ మకరేంద్రుడు, ఇక్కడ ఉత్త మకరి. కరి పక్కన నిలబడేసరికి పేరు కుదించుకుంది. ఎవరు ముందుకు లాగుతున్నారో, ఎవరు వెనక్కి లాగుతున్నారో అక్షరాల్లోనే తెలియదు.

సూత్రధారి:
మకరేంద్రుడి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పాతనిఘంటువు గారూ, మీ విసర్గ పాఠమే ఒప్పుకుందాం. తెలుగులో అది రాఘవమా, రాఘవుడా? అమహత్తు, అంటే మగవాణ్ణి చెప్పే మాట (మహత్తు) కానిది, కాబట్టి మకరః మకరం అయినట్టు రాఘవం కావాలి. డుప్రత్యయం మహద్వాచకానికే.

పాతనిఘంటువు:
నేను మొదటే రాఘవం అని రాశాను. పైన చూడండి.

బమ్మెరదాసు:
మరి మకరేంద్రుడు?

సూత్రధారి:
ఇంద్ర శబ్దం చేరింది కదా. రాజు అనగానే మహత్తు వచ్చింది. చిన్నయసూరి నీతిచంద్రికలోనూ ఇంతే. కాకి లఘుపతనకము, పావురాల రాజు చిత్రగ్రీవుడు. రెక్కలు ఇద్దరికీ ఉన్నాయి, డు మాత్రం ఒకరికే.

మౌనపాఠకురాలు:
ఇన్నాళ్ళూ చదవడమే, ఇదే మొదటిసారి రాయడం. సుందరకాండలో సింహికను ఎవరూ తలచలేదేమా అని. ఆ భూతం మింగే పద్ధతే వేరు. పైన ఎగిరేవాడి నీడను నీటి మీద పట్టుకుని లాగుతుంది. అందుకే "ఛాయాగ్రాహి" అన్నారు. ఒడలి కొలతల మీద కట్టిన పేర్లు నాలుగో మెట్టుకు రాగానే అలిసిపోతాయి, యోజనాలు లెక్కపెట్టి ఎవరు భయపడతారు? చేసే పనిని బట్టి పెట్టిన పేరు ఒక్కటుంటే చాలదా?

గణయతి:
మంచి మాట. గ్రాహి సంస్కృతంలో నకారాంతం (గ్రాహిన్). తెలుగులో గ్రాహి అనే నిలుస్తుంది, డు, ము గొడవే లేదు.

పాతనిఘంటువు:
గ్రాహం అంటే మొసలి అన్న అర్థం కూడా ఉంది కాబట్టి ఛాయాగ్రాహిలో ఆ ఛాయ కూడా...

సూత్రధారి:
లేదు. అక్కడ పట్టుకోవడం తప్ప మొసలి లేదు.

అచ్చతెనుగు:
"నీడపట్టు" అనండి, సరిపోతుంది.

కడలికథ:
అందరికీ నమస్కారాలు. నీడ భూతానికి వేరే అధ్యాయం పెడుతున్నాను. నాలుగోదానికి రాఘవం దాదాపు ఖాయం చేశాను. ఒక్క సందేహం. అది కథ సగం దాకా నోరు లేని జంతువు, తరువాత మాట్లాడుతుంది. అప్పుడు రాఘవుడు అనాలా?

సూత్రధారి:
మాట్లాడటం కాదు, రాజు కావాలి. లఘుపతనకం కూడా చక్కగా మాట్లాడుతుంది.

బమ్మెరదాసు:
సముద్రంలో అందర్నీ మింగేసినవాడు రాజు కాకపోతే ఇంకెవరండీ?

గణయతి:
ప్రజలు మిగలాలి కదా రాజు అనడానికి. అదీకాక, సంబోధన పాఠమైతే ఈ చర్చే అక్కర్లేదని మళ్ళీ మనవి చేస్తున్నాను.