పదిహేడేళ్ళ అబ్బాయికి ఏ నిర్ణయాలు వదిలిపెట్టాలి?

కుందనహళ్ళి అమ్మ:
మా అబ్బాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) చదువుతున్నాడు. ఏ కోర్సులో చేరాలి, చేతిఖర్చు ఎలా వాడుకోవాలి, ట్యూషన్‌కు స్కూటర్ మీద వెళ్ళవచ్చా అన్న మూడు విషయాల్లో వాడి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తేలక మా ఇంట్లో రోజూ వాదన జరుగుతోంది. మీ ఇళ్ళలో ఏం చేశారు?

విజయనగర్ నాన్న:
అమ్మాయి పదో తరగతి అయ్యాకే మేము నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చాము. కర్ణాటకలో ఏడు విద్యాసంవత్సరాలు చదివి ఉండాలన్న నిబంధన వల్ల తనకు కేసెట్ (కర్ణాటక ప్రభుత్వ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) సీటు కష్టమని నియమావళి చదివి తనే గ్రహించి, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ప్రవేశ పరీక్ష కామెడ్‌కే దరఖాస్తును తనే నింపింది. అదే మేము చెప్పి ఉంటే యుద్ధమే జరిగేది.

గేర్‌లెస్:
స్కూటర్‌కు ఇంత ఆలోచన ఎందుకండీ? ఎలక్ట్రిక్ బండి కొనివ్వండి, లైసెన్సు అక్కరలేదు. ఏళ్ళ తరబడి బండ్ల వ్యాపారంలో ఉన్నవాణ్ణి చెబుతున్నాను.

నల్లకోటు:
వ్యాపారంలో ఉండి ఇలా చెప్పడం ఆశ్చర్యంగా ఉంది. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించని బండికే ఆ మినహాయింపు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత, మైనరు బండి నడిపి చట్టాన్ని ఉల్లంఘిస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు, ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు.

గేర్‌లెస్:
మా వీధిలో పిల్లలందరూ నడుపుతున్నారు. మీలాంటి వారి భయమే వాళ్ళను పిరికివాళ్ళను చేస్తోంది.

మల్లేశ్వరం టీచరమ్మ:
ఒంటరిగా జాగ్రత్తగా నడిపే పిల్లవాడే వెనుక స్నేహితుడు కూర్చోగానే వేగం పెంచుతాడు. నిగ్రహాన్ని నడిపే మెదడు ముందుభాగం ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. అందుకే మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. చిక్కులో పడి ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా వెళ్ళి తీసుకువస్తాము, సంజాయిషీ మర్నాడే అడుగుతాము.

గేర్‌లెస్:
మెదడు ఎదగనివాళ్ళకు 18 ఏళ్ళకే ఓటు ఎందుకు ఇచ్చారమ్మా?

మల్లేశ్వరం టీచరమ్మ:
ఓటు వేసే ముందు నెలల తరబడి ఆలోచించుకోవచ్చు. సిగ్నల్ దగ్గర అంత వ్యవధి ఉండదు. తీరిగ్గా ఆలోచించే విషయాల్లో 16 ఏళ్ళవారు పెద్దలకు దాదాపు సమానమే కనుక, కోర్సు సంగతి అబ్బాయికే వదలండి, బండి సంగతి వద్దు.

కుందనహళ్ళి అమ్మ:
చేతిఖర్చు గురించి ఒక్కరూ చెప్పలేదు.

విజయనగర్ నాన్న:
పదేళ్ళు నిండిన పిల్లలు బ్యాంకు విధించే పరిమితుల మేరకు పొదుపు ఖాతాను స్వయంగా నడుపుకోవచ్చు, ఓవర్‌డ్రాఫ్టు (ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకోవడం) ఉండదు. నెల డబ్బు ఒకేసారి అందులో వేసి, ఇరవయ్యో తేదీకే అయిపోయినా మళ్ళీ ఇవ్వకండి. మా అమ్మాయి ఒక నెలాఖరున తమ్ముడి దగ్గర అప్పు చేసింది. వాడు వడ్డీ కూడా అడిగాడు.