కొరియన్‌లో ప్రేమ ఎలా చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి

తణుకు_పిల్ల: కొరియాలోని సువాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. మా ల్యాబ్‌లో కొరియన్ అబ్బాయి, నేనూ ఇష్టపడుతున్నాం. చుసోక్ పండక్కి వాళ్లింటికి రమ్మన్నాడు. డ్రామాల్లో విన్న ‘సరాంగ్‌హే’ తప్ప నాకేం రాదు. అతనితో, వాళ్లమ్మగారితో ఏం మాట్లాడాలి?

సియోల్_బాబాయ్: ‘సరాంగ్‌హే’ చనువు మాట. అతనితో హాయిగా అనొచ్చు. పెద్దవాళ్లకైతే ‘సరాంగ్‌హేయో’, ఇంకా మర్యాదగా ‘సరాంగ్‌హమ్నిదా’. కానీ మొదటిసారి కలిసినప్పుడే ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తకు తల్లీ, బిత్తరపోతారు. ఇంతకీ మీ మధ్య మాట ఖాయమైందా? ఇక్కడ ముందు ‘చోవాహే’ అని ఇష్టం చెప్పి, ‘సగ్విజా’ (మనం జంటగా ఉందామా) అని అడుగుతారు. అవతలివాళ్లు ఊ అన్నదే మొదటి రోజు. అక్కడి నుంచి లెక్కేసి 100వ రోజు వేడుక చేసుకుంటారు. చాలామంది జంట ఉంగరాలు కూడా కొనుక్కుంటారు.

డేజాన్_కోడలు: వాళ్లమ్మగారిని ‘ఒమొనిమ్’ (అమ్మగారూ) అని పిలువు. ‘షిక్‌సా హాష్యొస్సొయో’ అని, భోంచేశారా అని అడుగు చాలు. మా అత్తగారు నాతో సరాంగ్‌హే అన్నది లేదు. కిమ్చీ (ఇక్కడి కారం పచ్చడి) పార్సిల్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఒక్కో డబ్బా మూత మీద పేపర్ టేపు అంటించి, ఏ రోజు చేశారో, ముందు ఏది తినాలో పెన్నుతో రాసి పంపుతారు. నాకు కారం ఎక్కువ కావాలని తెలిసి నా డబ్బా విడిగా కలుపుతారు! ఆవిడ ప్రేమంతా నాకు అందులోనే కనిపిస్తుంది. మే 8 అక్కడ తల్లిదండ్రుల దినం, ఆ రోజు కార్నేషన్ పూలు ఇవ్వడం మర్చిపోకు.

బుసాన్_కుర్రాడు: అక్కా, ఈ కాలం పిల్లలు అంత బిగుసుకుని ఉండరు. నా రూమ్మేట్ వాళ్లమ్మతో ఫోన్ పెట్టేసేటప్పుడు ‘సరాంగ్‌హే’ అనే అంటాడు.

డేజాన్_కోడలు: సొంత తల్లి కదా తమ్ముడూ, ఆ చనువు వేరు. కొత్తగా వెళ్లే పిల్ల కాస్త ఆగాలి.

తణుకు_పిల్ల: చాలా థాంక్స్ అండీ. అతన్ని ‘ఓప్పా’ అనొచ్చా? నాకంటే ఏడాది చిన్న.

సియోల్_బాబాయ్: అయితే అనకూడదు. అది ఆడపిల్ల తనకంటే పెద్దవాణ్ణి పిలిచే పిలుపు, సొంత అన్నక్కూడా అదే. అతనే నిన్ను ‘నూనా’ (అబ్బాయిలు తమకంటే పెద్ద అమ్మాయిని పిలిచే పిలుపు) అనాలి. నువ్వు పేరు పెట్టి పిలువు. పేరు అచ్చుతో ముగిస్తే చివర ‘యా’, హల్లుతో ముగిస్తే ‘ఆ’ చేర్చు. వాళ్లమ్మగారి ఎదుట మాత్రం పేరుకి ‘షి’ చేర్చి అను, మర్యాదగా ఉంటుంది.