ఖాళీ ట్రైలర్‌తో ఈదురుగాలిలో, మంచులో: బండి ఎప్పుడు ఆపేయాలి?

కొత్త_స్టీరింగ్:
అన్నలూ, నేను ట్రైలర్ ఎక్కి ఎనిమిది నెలలైంది. చలికాలం ఇదే మొదటిసారి. మొన్న లోడు దించి ఖాళీగా తిరిగి వస్తున్నాను. కొండ పక్కన ఉన్నంతసేపు బండి మామూలుగానే నడిచింది. కొండ దాటి బయలులోకి రాగానే ట్రైలర్ ఒక్కసారిగా పక్క లేన్‌లోకి జరిగిపోయింది. అద్దంలో చూస్తే గాలి కొట్టే వైపు వెనక చక్రాలు రోడ్డుకి ఆనీ ఆననట్టున్నాయి. కంగారులో స్టీరింగ్ గట్టిగా తిప్పాను, ఊపు ఇంకా పెరిగింది. ఎలాగో పక్కకు తీసి ఆపాను. చాలాసేపు చేతులు వణికాయి.

ఆఫీసుకు ఫోన్ చేస్తే "లోడు లేదు కదా, భయమేంటి, మెల్లగా వచ్చేయ్" అన్నారు. ఖాళీ బండికి నిజంగా ప్రమాదం తక్కువా? వెనక తలుపులు తెరిచి కట్టేస్తే గాలి బయటికి పోతుందని ఒకాయన చెప్పాడు, అది నిజమా? వచ్చే వారం మంచు పడుతుందంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_క్లీనర్:
తమ్ముడూ, ఖాళీ బండికే ప్రమాదం ఎక్కువ. 22 ఏళ్ల నుంచి నడుపుతున్నాను, గాలి రోజున నాకు లోడు బండి ఇస్తేనే ధైర్యం.

15 మీటర్ల పొడవు, 2.8 మీటర్ల ఎత్తున్న పెట్టె అంటే పక్క గోడ 40 చదరపు మీటర్ల పైమాటే. తెరచాప అనుకో. గంటకు 50 కిలోమీటర్ల గాలి అడ్డంగా కొడితే దాని మీద పడే తోపు దాదాపు అర టన్ను. గాలి 100 అయితే ఆ తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే రెండు టన్నులు. ఇప్పుడు మంచు సంగతి చూడు. ఎండు రోడ్డు మీద టైరు పట్టు బాగానే ఉంటుంది. నున్నటి మంచుగడ్డ మీద అది బండి బరువులో పదో వంతుకు పడిపోతుంది. 15 టన్నుల ఖాళీ బండికి ఒకటిన్నర టన్నుల పట్టు, గాలి తోపు రెండు టన్నులు. నువ్వు ఎంత మెల్లగా నడిపినా ఆ లెక్క మారదు. అందుకే "మెల్లగా వచ్చేయ్" అన్న మాట నాకు నచ్చలేదు.

దూది, థర్మాకోల్, ఖాళీ డ్రమ్ములు ఎక్కించినా అంతే. చూడటానికి నిండు బండి, తూకానికి ఖాళీ.

తలుపుల మాట నమ్మకు. గాలి కొట్టేది పక్క గోడని. వెనక తలుపులు తెరిస్తే ఆ గోడ ఎక్కడికీ పోదు, పైగా తలుపులు ఊడి వెనకవాళ్ల మీద పడొచ్చు. పక్కల పరదాలుండే ట్రైలర్ వేరు. అది ఖాళీగా ఉంటే రెండు వైపులా పరదాలు పూర్తిగా లాగి గట్టిగా కట్టేస్తే గాలి మధ్యలోంచి వెళ్లిపోతుంది.

నీకు జరిగిందే నాకూ జరిగింది, ఓవర్‌టేక్ చేస్తుంటే. పక్క లారీ గాలికి అడ్డంగా ఉన్నంతసేపు నా స్టీరింగ్ తేలికైంది. దాని ముక్కు దాటగానే గాలి మొత్తం నా మీద పడింది. బండి సగం మీటరు జరిగింది, ఎదురుగా డివైడర్. ఆ రోజు నుంచి గాలిలో ఓవర్‌టేక్ మానేశాను. కొండ అంచు, వంతెన మొదలు, కొండను తవ్వి వేసిన రోడ్డు (కటింగ్) దాటే చోటు, చెట్ల వరస ఆగిపోయే చోటు వస్తున్నాయంటే ముందే వేగం తగ్గించి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెడతాను. తోసినప్పుడు కొద్దికొద్దిగానే సరిచేయాలి. గట్టిగా తిప్పితే, గాలి ఆగిన క్షణంలో ఆ తిప్పుడే బండిని అటు పడేస్తుంది. నీకు ఊపు పెరిగింది అందుకే.

రాత్రి_బండి:
అన్న చెప్పిన లెక్కకి నాది కొంచెం చేరుస్తాను. జారే రోడ్డు మీద ఖాళీ బండికి ఇంజిన్ బ్రేక్, రిటార్డర్ (మామూలు బ్రేకు నొక్కకుండానే బండి వేగం తగ్గించేవి) ఆపేసెయ్. అవి ట్రాక్టర్ (ట్రైలర్‌ని లాగే ముందు బండి) వెనక చక్రాల మీదే పనిచేస్తాయి. వాటి మీద బరువు లేకపోతే అవి జారతాయి, వెనక ట్రైలర్ తోసుకొచ్చి బండి కత్తెరలా మడత పడుతుంది. వేగాన్ని దానంతటదే ఒకేలా ఉంచే క్రూజ్ కంట్రోల్ కూడా వద్దు.

అమెరికాలో కమర్షియల్ డ్రైవర్ల మాన్యువల్ ఒక కొలత ఇస్తుంది: తడి రోడ్డు మీద వేగం మూడో వంతు తగ్గించు, గట్టిపడిన మంచు మీద సగానికి లేదా ఇంకా తక్కువకి, గడ్డకట్టిన చోట పాకుతున్నట్టు వెళ్లి వీలైనంత త్వరగా ఆపెయ్. ఏ రోడ్డుకైనా పనికొచ్చే కొలత అది.

కనపడని మంచు పొరే నాకు అసలు భయం. రోడ్డు తడిగా మెరుస్తోంది, కానీ ముందు బండి చక్రాల నుంచి తుంపర లేవడం ఆగిపోయింది అంటే అది నీళ్లు కాదు. అద్దం కమ్మీల ముందు వైపు మంచు పేరుకుంటే రోడ్డు మీదా పేరుకుంటున్నట్టే. వంతెనకి కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి రోడ్డు కన్నా ముందు అదే గడ్డకడుతుంది. ఇంకొకటి, సున్నా డిగ్రీల దగ్గర కరుగుతున్న మంచు, గట్టి చలిలోని మంచు కన్నా ఎక్కువ జారుతుంది. కొంచెం ఎండ వచ్చిందని నిబ్బరపడకు.

బయల్దేరే ముందు, బ్రేకులకు గాలినిచ్చే ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలేయాలి. ఆ తేమ లైన్లలో గడ్డకడితే బ్రేకులు దెబ్బతింటాయి. బురద మంచులో నడిపి వెంటనే పార్క్ చేస్తే బ్రేక్ షూలు చక్రం డ్రమ్ముకి అతుక్కుపోతాయి, ఆపే ముందు వెనకా ముందూ చూసుకుని రెండుమూడు సార్లు మెత్తగా బ్రేక్ నొక్కి ఆరబెట్టు. డీజిల్‌లో చలికి మైనం కట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. చలికాలపు డీజిల్ గానీ, డీజిల్‌లో కలిపే మందు గానీ ముందే పడాలి, గడ్డకట్టాక పోసి లాభం లేదు.

డెస్క్_నుంచి:
నేను బండ్లు పంపే పని చేస్తాను. మీకు ఆ సమాధానం ఇచ్చినవారు తప్పు చేశారు. బయట గాలి ఎలా ఉందో మాకు కిటికీలోంచి తెలియదు, మీరు చెబితేనే తెలుస్తుంది. "భయంగా ఉంది" అనకండి, దానికి ఎదురు చెప్పేవాళ్లుంటారు. "ట్రైలర్ ఖాళీ, అడ్డగాలి, రెండుసార్లు లేన్ దాటింది, ఇన్ని గంటలకు ఫలానా చోట ఆపాను" అని మెసేజ్ పెట్టండి. ఫోన్ మాట మిగలదు, మెసేజ్ మిగులుతుంది. నా డ్రైవర్లు ఇలా పంపితే నేనే కస్టమర్‌కి ఫోన్ చేసి ఆలస్యం చెప్తాను.

కొత్త_స్టీరింగ్:
అందరికీ థ్యాంక్స్. ఒక్క సందేహం. ఆపాల్సి వస్తే బండి ఎటు పెట్టాలి?

పాత_క్లీనర్:
ముక్కు గాలి వైపు, పక్క గోడ గాలికి ఇవ్వకు. పెద్ద భవనం చాటు దొరికితే మంచిది. చెట్ల కింద, కరెంటు తీగల కింద వద్దు. వీలైతే వంతెన ఎక్కకముందే ఆపు, దాటాక ఆపుదాం అనుకోకు. రేపు ఉదయం ట్యాంకుల నీళ్లు వదిలావో లేదో ఇక్కడ రాయి.