వరుస నైట్లు, పగలు నిద్ర లేదు: లేబర్ రూమ్ సిస్టర్లు చెప్పండి

ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూములో మిడ్‌వైఫ్‌ని. 18 నెలల ట్రైనింగ్ ఇష్టపడే చేశాను, పనంటే ఇప్పటికీ ఇష్టమే. ఇబ్బందంతా నైట్లతోనే. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా, వరుసగా ఆరు. మేం ఇద్దరం, ఒక్కోసారి నొప్పులతో ఐదుగురు. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విని పార్టోగ్రాఫ్‌లో (కాన్పు ఎలా సాగుతోందో గుర్తుపెట్టే చార్టు) చుక్క పెట్టాలి. ఇక్కడ చుక్క పెడుతుంటే పక్క మంచం మీద బిడ్డ తల బయటికి కనిపిస్తుంటుంది. ఇంటికొచ్చి పడుకుంటే చెవిలో డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్) మోతే. రెండు గంటలు పడుకునేసరికే మెలకువ, గుండె దడ. మూడు నెలలుగా ఇంతే.

రాత్రి 2 దాటాక టీ మానేశాను, కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టాను. బీపీ, థైరాయిడ్ నార్మల్. నైట్లు మూడేసిగా విడగొట్టమంటే ఇన్‌చార్జి సిస్టర్ "అందరికీ ఇదే కదమ్మా" అన్నారు.

ఉన్న స్టాఫ్‌తోనే డ్యూటీ చార్టు మార్పించుకున్నవాళ్ళు నైట్లు ఎలా వేసుకున్నారు?